సోంపుపళ్ళెములోని చిల్లర

(సమాజ సమావేశమున చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను ఏదైన సాహిత్యవిషయమును గూర్చి మాటలాడుమనిరి. హోటలులో వడ్డించు సర్వరును గూర్చి మాటలాడుదునంటిని. వారు ఒక క్షణము నావంక చూచి, "సరే, పదునైదు నిమిషములు" అనిరి.

కలకత్తాలో కాపురమున్న మనలో హోటలు మెట్లెక్కనివారు అరుదు. లేక్ మార్కెట్టు ప్రాంతమున ఇడ్లీసాంబారునకో, పిల్లల పుట్టినరోజున పార్కు స్ట్రీటునకో పోవుచునేయుందుము. భోజనమైన పిదప బిల్లు వచ్చును. దానివెంట సోంపును పటికబెల్లమును వచ్చును. అప్పుడు బల్లయొద్ద చిన్న మంత్రాలోచన ఆరంభమగును. భర్తగారు పది రూపాయలుంచిన, భార్యగారు మరియొక పది చేర్తురు. భార్యగారు ఇరువది యుంచిన, ఆమె చేతిసంచి సర్దుకొనులోపల భర్తగారు పది వెనుకకు తీసికొందురు. ఇన్ని తర్జనభర్జనలలోను ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ పైకము బహుమానమా, జీతమా?

బహుమానమైనచో అది మన సంతోషమునుబట్టి యుండును. జీతమైనచో మన సంతోషముతో దానికి పనిలేదు. ఈ రెండింటిని కలిపివేసిన ఆచారమే టిప్పు. మన భాషలో దీనికి బక్షీసు, ఇనాము, మామూలు అని మాటలు కలవు. అన్నిటిలోను గడుసుమాట "మామూలు". వాడుకగా వచ్చుచున్నదని మాత్రమే దాని యర్థము. ఎవరు, ఎందులకు ఇయ్యవలెనో అది చెప్పదు.

పూర్వము మన గ్రామములలో వీధిబడి పంతులుగారు దసరా పండుగకు పిల్లలచేత విల్లంబులు పట్టించి, పద్యములు పాడించుచు ఇల్లిల్లు తిరుగుట పెద్దలు చెప్పగా విన్నాము. గృహస్థులు ఆయనకు రొక్కమో, బట్టలో సమర్పించెడువారు. పిల్లల చేతులలో తినుబండారములు పెట్టెడువారు. చూచుటకు ముచ్చటయే. కాని పంతులుగారి వైపునుండి చూడుడు. ఆయనకు నిలుకడయైన జీతము లేదు. పంట పోయినను, ఏ మోతుబరికైన కోపము వచ్చినను, ఆయన పొయ్యిలో పిల్లి లేవదు. నేడు ఉపాధ్యాయుని పండుగ మామూళ్ళపై బ్రతుకుమని ఎవరైన అందురా?

ఇక మన సంగతి. మనకు 1964 నాటి ప్రవర్తన నియమావళి కలదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టము కలదు. ఫైలు కదిలినందుకు ఎవరైన సంతోషముతో ఇచ్చినను ఆ నోటు మనకు నిషిద్ధము. హోటలులో మర్యాదయైనది ఆఫీసులో నేరమెట్లైనది? మనము సర్వరుకంటె నీతిమంతులమగుటచేత కాదు. 1946లో మొదటి వేతనసంఘము ఏర్పడినది మొదలు మన జీతమునకొక లెక్క యున్నది. జనవరిలోను జూలైలోను కరవుభత్యము సవరింపబడుచున్నది. చేయి చాపవలదని మనతో చెప్పుటకు ప్రభుత్వమునకు అర్హత ఆ లెక్కవలననే వచ్చినదని నా యభిప్రాయము.

సర్వరునకును లెక్క లేకపోలేదు. 1948 నాటి కనీసవేతనముల చట్టము క్రింద రాష్ట్రప్రభుత్వములు హోటలు పనివారికి వేతనములు నిర్ణయించుచు వచ్చినవి. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున 2019 నాటి వేతనముల స్మృతి అమలులోనికి వచ్చినది. పశ్చిమబంగాళమున ఈ రేట్లను సవరించు మాసములును జనవరి, జూలైలే. కాగితముమీద ఆయన పంచాంగము, మన పంచాంగము ఒక్కటే. కాని నియామకపత్రము గాని హాజరుపట్టీ గాని లేని చిన్న హోటలులో ఆ రేటును అడుగువాడెవడు? "జీతము కొంచెమే, టిప్పులు బాగుగా వచ్చును" అను ఒక్క మాటతో పని కుదిరిపోవును. అనగా యజమాని మన జేబులోని పైకమును చూపి తన పనివానిని కుదుర్చుకొనుచున్నాడు!

ఈ పైకమెట్టిదను ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. అదియు మన చౌరంగీలో ప్రధానకార్యాలయము గల ఐ.టి.సి. వారి హోటళ్ళ విషయముననే. అతిథులు క్రెడిట్ కార్డుద్వారా ఇచ్చిన టిప్పులను సంస్థ వసూలుచేసి సిబ్బందికి పంచెడిది. అది జీతమే గనుక పంచునప్పుడే ఆదాయపుపన్ను మినహాయింపవలెనని పన్నులశాఖ వాదించినది. 2016లో న్యాయస్థానము కాదన్నది. ఇచ్చినవాడు అతిథి, యజమాని కాడు. కావున అది జీతము కాదు. పన్నుల తగవులో పుట్టిన మాటయే యైనను నాకిది చాల నచ్చినది. జీతము కానిదానిని చూపి జీతమును తగ్గించుట యెట్లు చెల్లును?

బిల్లులోనే "సర్వీసు చార్జి" అని నిర్బంధముగా చేర్చరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ యాదేశమును సమర్థించెను. మనకు న్యాయము జరిగినది. అది సిబ్బంది మేలుకొరకే యని ఇంతకాలము చెప్పిన యజమానులు, అది పోయినచోట జీతము పెంచవలెను గదా!

ఈ తగ్గింపును చట్టమే ఒప్పుకొన్న దేశమును కలదు. అమెరికాలో టిప్పులు పుచ్చుకొను పనివానికి యజమాని తన చేతినుండి ఇయ్యవలసిన కేంద్ర కనీసవేతనము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుండి అది కదలలేదు. సామాన్య కనీసవేతనము 7 డాలర్ల 25 సెంట్లు. నడిమి తక్కువను టిప్పులు పూరింపవలెను. అవి చాలనప్పుడే యజమాని పూరించును. కొన్ని రాష్ట్రములు మాత్రము ఈ పద్ధతిని త్రోసిపుచ్చినవి. అక్కడినుండి సెలవులకు వచ్చిన మన బంధువులు, నూటికి ఇరువది ఈయవలసివచ్చుచున్నదని వాపోవుదురు. వారిచ్చునది బహుమానము కాదు, జీతములో బాకీ.

వేరొక మార్గము మన యూరిలోనే కలదు. 1957 ప్రాంతమున కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూయ పూనుకొనగా, పని పోగొట్టుకొనుచున్న సిబ్బంది ఏ.కె. గోపాలన్ వంటి నాయకుల ప్రోత్సాహముతో సహకారసంఘములుగా ఏర్పడిరి. కాలేజీ స్ట్రీటున ఆల్బర్ట్ హాలులోని కాఫీ హౌసును నడుపుచున్నది అట్టి కార్మికుల సంఘమే. ఆ సంఘములకు కష్టములు లేవనను. అయినను అక్కడ తలపాగాతో కప్పు తెచ్చువారిని "దాదా" అని పిలుచునపుడు ఆ పిలుపు కొంత నిజముగా తోచును. మిగిలినచోట్ల అన్నా యని పిలిచి, రెండు రూపాయల బిళ్ళ వదలి వచ్చుట మనకే తెలియవలెను.

ఈ నడుమ ఆ బిళ్ళయు కరవైనది. బిల్లుమీది గుర్తును ఫోనుతో చూచి, పైసతో సరిగా చెల్లించి లేచుచున్నాము. సోంపుపళ్ళెములో చిల్లర మిగులుట లేదు. సర్వరు రాబడిని తగ్గింపుడని ఎవ్వరును ఉత్తరువు వ్రాయలేదు, కాని తగ్గినది.

మన ఉగాది విందునకు వడ్డించువారును ఇట్టివారే. కంట్రాక్టరుతో మనము విస్తరికింతయని మాత్రమే బేరమాడుచున్నాము. ఈ సారి ఒప్పందపత్రమున వడ్డించు ప్రతివానికిని దినవేతనము ప్రభుత్వపు రేటుకు తక్కువ కాకుండ వ్రాయించి, అది చేతికందినట్లు మన సంఘసభ్యు డొకడు చూచుకొనవలెనని నా సూచన. ఆపైన సంతోషముకొలది ఎవరేమిచ్చినను అది బహుమానమే. కోశాధికారిగారు ఇప్పుడే పెన్సిలు తీసినారు. విస్తరికి ఖర్చు కొంత పెరుగుట నిజము. వచ్చు సమావేశమున తీర్మానమును ప్రవేశపెట్టుదును. బలపరచువారు సభానంతరము నాకు పేరీయగోరెదను.