కాన్పు తేదీ మనమే లెక్క కడదాం

(మహిళల చదువు కేంద్రంలో ఒక ఆరోగ్య కార్యకర్త చెప్పిన మాటలు)



మీరంతా అంకెలు నేర్చుకున్నారు. క్యాలెండరు చూడటం నేర్చుకున్నారు. ఈ రోజు ఆ చదువుతో ఒక లెక్క చేద్దాం.

ముందు ఒక సంగతి చెబుతాను. మా ఊళ్లో ఒక చెల్లెలికి రాత్రిపూట నొప్పులు మొదలయ్యాయి. "ఇంకా ఎనిమిదో నెలే కదా! ఇవి దొంగ నొప్పులు. పడుకో" అంది అత్త. తెల్లవారుజామున నొప్పులు ఎక్కువయ్యాయి. ఆటో ఎక్కించారు. దారిలోనే కాన్పు అయింది. రక్తం చాలా పోయింది. ఎలాగో తల్లీ బిడ్డా బతికారు.

నిజానికి ఆమెకు అప్పటికే నెలలు నిండాయి. ఇంట్లోవాళ్లు నెల తప్పిన రోజు నుంచి లెక్క పెట్టారు. అక్కడే ఒక నెల తేడా వచ్చింది.

మరి ఎలా లెక్క కట్టాలి? చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు గుర్తు పెట్టుకోండి. దానికి 9 నెలలు కలపండి. ఆపైన 7 రోజులు కలపండి. అంతే!

జూన్ 10న బహిష్టు అయ్యారనుకోండి. 9 నెలలు కలిపితే మార్చి 10. ఇంకో 7 రోజులు కలిపితే మార్చి 17. అదే కాన్పు తేదీ.

సరిగ్గా ఆ రోజే కాన్పు అవుతుందని కాదు. రెండు వారాలు ముందూ కావచ్చు, వెనకా కావచ్చు. బహిష్టు నెల నెలా సరిగా రాకపోయినా, తేదీ మరిచిపోయినా డాక్టరుకు చెప్పండి. మొదటి మూడు నెలల్లో స్కానింగు తీస్తే తేదీ బాగా తెలుస్తుంది.

తేదీ తెలిస్తే పరీక్షలకూ ముందే రోజులు చూసుకోవచ్చు. కనీసం 4 సార్లు వెళ్లాలి.

మొదటిసారి: మూడో నెల లోపల. పేరు రాయించుకుని కార్డు తీసుకోవాలి.
రెండోసారి: 4 నుంచి 6 నెలల మధ్య.
మూడోసారి: 7, 8 నెలల్లో.
నాలుగోసారి: తొమ్మిదో నెలలో.

వెళ్లిన ప్రతిసారీ బరువు, బీపీ, రక్తం, మూత్రం చూపించుకోండి. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ బిళ్ల వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది. భయపడి మానేయకండి. బిళ్లతో పాటు టీ మాత్రం తాగకండి.

రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, ముఖం వాచినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏ నెలలో నొప్పులు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. తేదీ దాటినా ఇంట్లో కూర్చోకండి. డాక్టరుకు చూపించుకోండి.

తోడు ఎవరు వస్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు? చేతిలో డబ్బు ఎంత ఉండాలి? ఇవన్నీ ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ఆ చెల్లెలు తర్వాత మన కేంద్రంలోనే చదువుకుంది. రెండో కాన్పు తేదీ తనే లెక్క కట్టింది. క్యాలెండరులో గుండ్రంగా గీత గీసింది. అత్తే ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లింది.

ఇప్పుడు పలకలు తీయండి. సెప్టెంబరు 5న బహిష్టు అయితే కాన్పు ఎప్పుడు? రాయండి.

జూన్ 12 అని వచ్చిందా? అయితే ఈ లెక్క మీకు వచ్చేసింది. పక్కింటి కోడలికి కూడా నేర్పండి!