విమానం గంటలు – ఇంటి గంటలు
(పెదకూరపాడులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం విదేశ ప్రయాణం. నేను ఏ దేశమూ వెళ్ళినవాణ్ణి కాను. మా అబ్బాయి అమెరికాలో, డల్లాస్‌లో ఉంటాడు. మనలో చాలామంది పరిస్థితి ఇదే కనుక నాకు తెలిసిన లెక్క, నేను చేసిన పొరపాటు రెండూ మనవి చేస్తాను.

శంషాబాదు విమానాశ్రయం నుండి డల్లాస్ విమానాశ్రయానికి అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడమీది పటం చూస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది! జెట్ విమానం వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. భాగిస్తే 16 గంటలు.

2019 జనవరిలో మా ఇంటావిడ కాలం చేసినప్పుడు నేను ఈ లెక్కే వేశాను. ఉద్యోగమంతా జమాఖర్చులు చూసినవాణ్ణి కదా! మంగళవారం రాత్రి ఏడున్నరకు అబ్బాయి ఫోను చేసి "బయలుదేరుతున్నాను నాన్నా" అన్నాడు. బుధవారం మధ్యాహ్నానికి వచ్చేస్తాడని బంధువులకు చెప్పాను. సాయంత్రం నాలుగింటికి ముహూర్తం పెట్టారు.

అసలు లెక్క ఇది. వాడు వచ్చింది దుబాయి మీదుగా. డల్లాస్ నుండి దుబాయికి సుమారు 12,900 కిలోమీటర్లు, అక్కడినుండి శంషాబాదుకు 2,550. గాలిలో పద్దెనిమిదిన్నర గంటలు. ఇంటినుండి విమానాశ్రయానికి ఒక గంట, అక్కడ ముందుగా మూడు గంటలు, దుబాయిలో నాలుగు, శంషాబాదులో తనిఖీలకు, సామానుకు గంటన్నర, అక్కడినుండి మన ఊరికి కారులో అయిదున్నర. మొత్తం ముప్ఫయి మూడున్నర గంటలు. గురువారం తెల్లవారుజామున అయిదింటికి వాడు గుమ్మంలో దిగాడు. అప్పటికి అంతా అయిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

గడియారం చేసే మాయ మరొకటి ఉంది. 2018 డిసెంబరులో మన గన్నవరం నుండి సింగపూరుకు విమానం వేశారు. మరుసటి సంవత్సరం ఆగింది. దూరం సుమారు 3,050 కిలోమీటర్లు, ప్రయాణం నాలుగు గంటలు. సింగపూరు గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. పోయేటప్పుడు ఆరున్నర గంటలు పట్టినట్టు, వచ్చేటప్పుడు గంటన్నరే పట్టినట్టు కనిపిస్తుంది! డల్లాస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనుక.

కనుక మిత్రులారా, నా మనవి మూడు ముక్కలు. పిల్లల్ని విమానం ఎన్ని గంటలని అడగవద్దు. మన గుమ్మంలోకి మన టైము ప్రకారం ఎప్పుడు వస్తావని అడగండి. వారి పాస్‌పోర్టు, వీసా గడువులు డైరీలో రాసుకోండి. మన తరువాత తమకోసం ఆగాలో వద్దో, మనం మాట్లాడగలిగినప్పుడే పిల్లలతో తేల్చుకోండి. ఈరోజుల్లో ఐసు పెట్టె దొరకడం కష్టం కాదు. ఒక్కరోజు ఆగితే పోయేదేమీ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.