యాకయ్య, యాకూబు, యాకోబు

మగబిడ్డ పుట్టిన యింట పురిటి సందడి సద్దుమణగిన పిమ్మట మిగులు ప్రశ్న యొక్కటే: పేరేమి పెట్టుదము? ఆస్తి పంపకమున తగవులాడని అన్నదమ్ములు సైతము ఈ ప్రశ్నకడ ముఖములు ముడుచుకొనుట మనమెరుగుదుము. పంచాంగము ఒక అక్షరము చెప్పును. నాయనమ్మ ఒక మొక్కును గుర్తుచేయును. మేనత్త తన మాట చెల్లవలెననును. తండ్రి చేతిలోని ఫోను క్షణములో వేయి పేర్లు చూపును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మగపిల్లల పేర్లు ఎచ్చటెచ్చటినుండి వచ్చినవో, ఇప్పుడు వానికేమి యగుచున్నదో నేడు కొంత ముచ్చటింపదలచినాము.

శాస్త్రము చెప్పునది ముందుగా చెప్పి ముగింతుము. మగబిడ్డ పేరు రెండు గాని నాలుగు గాని అక్షరములతో నుండవలెనని గృహ్యసూత్రములు విధించినవి. జ్యోతిషము 27 నక్షత్రములను నాలుగేసి పాదములుగా విభజించి, 108 పాదములకును ఒక్కొక్క అక్షరము నియమించినది. రోహిణిలో పుట్టినవానికి ఓ, వా, వీ, వూ లలో ఒకటి. ఆర్ద్ర మూడవ పాదమున పుట్టినవానికి 'ఙ' కారము వచ్చును; దానితో మొదలగు పేరును వెదకబూనిన తండ్రి యవస్థ పగవానికి కూడ వలదు. ఈ ప్రాంతపు పల్లెలలో జాతకము పేరు చాలవరకు కాగితమునందే నిలిచిపోయినది. పిలుపు పేరు మరియొక చోటినుండి వచ్చినది. ఆ చోటు గుడియో, గుట్టయో, జాతరయో, దర్గాయో అయియుండును.

జనగామ జిల్లాలోని పాలకుర్తి గుట్టమీద సోమేశ్వరుడును, లక్ష్మీనరసింహుడును కొలువైయున్నారు. ఆ చుట్టుప్రక్కల సోమనర్సయ్య యను పేరు వినబడును. శివుడు పెద్దయా, విష్ణువు పెద్దయా యని పండితులు శతాబ్దములు వాదించిరి గదా! పాలకుర్తి రైతు ఆ వాదమును తన కొడుకు పేరులో సులువుగా తీర్చివైచినాడు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కినవారు కొమురయ్య యనిరి. ఐనవోలు మల్లన్నను జనులు ఐలోని మల్లన్న యందురు. ఆయన పేర ఐలయ్యలు, ఐలమ్మలు వెలసిరి. కురవి వీరభద్రుని పేర వీరన్నలు, యాదగిరిగుట్ట నరసింహుని పేర యాదగిరులు గలరు. పేరు వినినంతనే ఆ యింటివారు ఏ జాతరకు బండి కట్టుదురో చెప్పవచ్చును.

ఇందులో మాకు మిక్కిలి ముచ్చటయైనది మేడారము సంగతి. మేడారము 2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలో చేరినది. రెండేండ్లకొకసారి మాఘపౌర్ణమికి అచ్చట జరుగు జాతరలో గద్దెలపై కొలువందువారు తల్లీబిడ్డలగు సమ్మక్క, సారలమ్మ. ఆ తల్లికి మొక్కి కన్న కొడుకు సమ్మయ్య, ఆ బిడ్డకు మొక్కి కన్న కొడుకు సారయ్య. కోయ ఆడుబిడ్డల పేర్లను ఇతర కులముల మగపిల్లలు మోయుచున్నారు. పురుషుని పేరు పురుషునిబట్టియే రావలెనన్న పట్టుదల ఈ యడవిప్రాంతమున ఎన్నడును లేదు.

బిడ్డలు దక్కని తల్లులు పెట్టుకొన్న పేర్లు వేరొక తెగ. శిశువును పెంటకుప్పపై ఒక్క క్షణముంచి మరల ఎత్తుకొని పెంటయ్య యనిరి. ఎంగిలి విస్తళ్లపై దొర్లించి పుల్లయ్య యనిరి. బిచ్చమెత్తి తెచ్చుకొన్న బిడ్డయని భిక్షపతి యనిరి. మృత్యువునకు అసహ్యము గలిగించి పంపివేయుట వారి యుద్దేశము. వంగదేశమున కూడ ఈ యాచారము కలదు. 1908లో పద్దెనిమిదేండ్ల ప్రాయమున ఉరికంబమెక్కిన ఖుదీరాం బోసును శైశవమున అతని యక్క మూడు పిడికిళ్ల నూకలిచ్చి తల్లివద్ద కొనినది. ఖుద్ అనగా నూక. చీనాదేశపు పల్లెలలో 'కుక్క విడిచినది' యను అర్థమిచ్చు పేరు పెట్టుటయు కలదు. 2020వ సంవత్సరపు నమూనా నమోదు లెక్కల ప్రకారము తెలంగాణమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఏడాది నిండకుండ మరణించువారు 21 మంది. అదియును చిన్న సంఖ్య కాదు. అయినను నాయనమ్మల కాలపు భయము నేడు లేదు. పెంటయ్య లిప్పుడు పుట్టకుండుటకు నాగరికతకంటె ఈ లెక్కయే ముఖ్యకారణమని మా యూహ.

ఇక మేము ప్రధానముగా చెప్పదలచిన పేరునకు వచ్చుచున్నాము.

వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున అన్నారము అను గ్రామము కలదు. అచ్చట యాకూబ్ షావలీ యను సాధువు సమాధి యున్నది. అన్నారం షరీఫ్ దర్గా యని దానికి ప్రసిద్ధి. మానుకోట, జనగామ ప్రాంతములనుండి హిందువులు, ముసల్మానులు అచ్చటికి పోయి మొక్కులు చెల్లించి, కందూరు చేసికొని, చెట్లక్రింద వండుకొని తిని వచ్చుట తరతరముల వాడుక. సంతానము లేనివారు మొక్కుకొందురు. కొడుకు పుట్టెనా, యాకయ్య. కూతురు పుట్టెనా, యాకమ్మ. చేనులో నాగలి పట్టిన యాకయ్యకు నుదుట బొట్టు, ఇంటిముందు తులసికోట ఉండును. రెడ్ల యిండ్లలో ఈ పేరు యాకూబురెడ్డి యగును. పేరు మొదటి సగము అరబ్బీ భాషనుండి, చివరి సగము అచ్చమైన ఊరి పటేలుతనమునుండి! నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కినవారు ఇట్లే సైదులు, సైదిరెడ్డి యని పెట్టుకొందురు.

యాకూబు ఎవరు? ఖురానులో ఆయన ఒక ప్రవక్త, యూసుఫునకు తండ్రి. అంతకు పూర్వపు హీబ్రూ గ్రంథమున ఆయనయే యాకోబు. కవల సోదరుని మడమ పట్టుకొని పుట్టినాడని కథ, మడమ యను మాటనుండియే పేరు వచ్చినదని వారి వివరణము. ఆ పేరు లాతీను భాషలో యాకోబుస్ అయినది. అందుండి ఫ్రెంచివారి జాక్, ఇటలీవారి జాకొమో, ఆంగ్లేయుల జేకబ్, జేమ్స్ పుట్టినవి. ఎచ్చటో ఎడారిలో గొఱ్ఱెలు కాచిన మనుజుని పేరు ఒకవైపు ఇంగ్లండు సింహాసనము నెక్కినది, ఇంకొకవైపు పర్వతగిరి దారిలో మల్లన్న మేకలు కాచుచున్నది. ఒక్క గ్రామమునందే ముసల్మాను యాకూబు, క్రైస్తవ యాకోబు, హిందువు యాకయ్య ఎదురుపడి పలుకరించుకొనవచ్చును. ముగ్గురును ఒకే పేరు గలవారమని వారికి తోచునో తోచదో!

క్రైస్తవుల ప్రస్తావన వచ్చినది గనుక మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లును తలచుకొనవలెను. అచ్చటి బిషప్పు అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన తొలి భారతీయుడయ్యెను. ఆయన పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. చివరి రెండు పేర్లు హీబ్రూ ప్రవక్తలనాటివి, మొదటిది సంస్కృతము. దక్షిణాది క్రైస్తవులు తమ పవిత్రగ్రంథమును వేదమనియే పిలిచిరి. ఆయన కాలమున కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయమున గుడి స్తంభములను, మసీదు గుమ్మటములను తలపించు పనితనము చేరియున్నది. ఆ కట్టడమును, ఆ పేరును ఒక్క మనస్సే ఏర్పరచినదని మాకు తోచును.

లంబాడీ తండాల రీతి వేరు. మహబూబాబాదు జిల్లా జనులలో మూడవవంతునకు మించి గిరిజనులే. పాత తరమున తండాలో పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుట కలదు. సోమవారమున పుట్టినవాడు సోమ్లా, మంగళవారమున పుట్టినవాడు మంగ్యా, బుధవారమువాడు బుద్యా. శనివారమున పుట్టినవాడు థావర్యా. రాజస్థాన ప్రాంతమున శనివారమునకు థావర్ అని పేరు. లంబాడీల వెనుకటి ప్రయాణమంతయు ఆ పిల్లవాని పేరులో దాగియున్నది. ఆఫ్రికాలోని ఘనా దేశమున అకాను జాతివారును ఇట్లే చేయుదురు. 1957లో ఆ దేశము స్వతంత్రమైనపుడు దాని నాయకుడైన క్వామే ఎన్‌క్రుమా పేరులోని క్వామే యనగా శనివారమున పుట్టినవాడు. అనగా మన థావర్యాకు పేరుకాడు! నేటి తండాలలో రమేశులు, సురేశులు హెచ్చిరి, చివర నాయక్ అని చేర్చుకొనుచున్నారు. అది వారి యిష్టము. థావర్యా యను తాత యింట నుండగానే ఆ పేరునకు అర్థమేమో అడిగి తెలిసికొనుడని మాత్రము కోరుదుము.

పేరు పెట్టుట యొకటి, పిలుచుట మరియొకటి. మహబూబాబాదునకు ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాను పేరు పెట్టిరి. ఆయన 1869 మొదలు 1911 వరకు ఏలినాడు. జనుల నోట నేటికిని అది మానుకోటయే. ఊరి విషయమున ఇది వినోదము. మనుష్యుల విషయమున వినోదము కాదు. దొరల పాలనలో ఐలయ్యను ఐలిగా యనియు, కొమురయ్యను కొమురిగా యనియు పిలిచెడివారు. తల్లిదండ్రులు మొక్కి పెట్టుకొన్న పేరు చివరనున్న 'అయ్య' గడీముందు నిలువక ఊడిపోయెడిది. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పులకు బలియైన యువకుని నేడు మనము దొడ్డి కొమురయ్య యందుము. తన చేను తనకే దక్కవలెనని నిలిచిన పాలకుర్తి చాకలి వనితను ఐలమ్మ యందుము. ఆ అయ్యయు, ఆ అమ్మయు ఊరక రాలేదు.

అట్టి అయ్యను నేటి తల్లిదండ్రులు మోటయని విడుచుచున్నారు. వారిని మేము తప్పుపట్టము. పిల్లవాడు ఎక్కడెక్కడికో పోవలెను. భూపాలపల్లిలో సింగరేణి గనుల పనికి నలుదిక్కులనుండి వచ్చినవారు స్థిరపడిరి. అట్టిచోట్ల తల్లిది ఒక భాష, తండ్రిది ఒక భాష. అమెరికాలోనున్న మన పిల్లలు తమ బిడ్డలకు అక్కడివారి నాలుకకును లొంగు పేర్లు వెదకుచున్నారు. నీల్ యనిన మనకు నీలవర్ణము, ఐరిష్‌వారికి తమ పాత పేరు. సమీర్ యనిన సంస్కృతమున గాలి, అరబ్బీలో రాత్రివేళ ముచ్చటలాడు చెలికాడు. ఇట్టి పేర్లు వెదకువారి తెలివికి సంతోషింపవలసినదే. ఏ భాషలోను అర్థము లేక చెవికింపుగా నుండుటచే అతికించిన పేర్లను గూర్చి మాత్రము మా నోరు విప్పింపకుడు.

చిక్కు వచ్చునది మొక్కుకడ. నాయనమ్మ అన్నారము పోయి మనుమడు పుట్టిన యాకయ్య యని పెట్టుదుమని మొక్కియుండును. కోడలు, "అత్తమ్మా, యాకయ్య అంటె బళ్లె పోరగాండ్లు నవ్వుతరు" అనును. "మొక్కిన పేరు పెట్టకుంటె ఎట్ల బిడ్డా?" అని యామె. ఇద్దరి మాటయు న్యాయమే. ఇంతవరకు ఇది ఇంటి తగవు. కాని ఇటీవల మూడవ గొంతు ఒకటి వినబడుచున్నది: 'అది వారి పేరు, మనకెందుకు?' అని. ఈ మాటను మాత్రము మేమంగీకరింపజాలము. మూడు నాలుగు తరములుగా తాత పేరై, తండ్రి పేరై, పొలముకాగితముపై నిలిచిన పేరు వారిదెట్లగును? కోడలి యభ్యంతరము పిల్లవాని రేపటిని గూర్చినది. దానికి పరిష్కారము కలదు. ఈ మూడవ మాట తాతను పరాయివానిగా చేయును.

పరిష్కారము పాతదే: రెండు పేర్లు పెట్టుట. మునుపు బడిలో చేర్చునాడు పంతులుగారు హాజరుపట్టీలో క్రొత్త పేరు వ్రాసికొనెడివారు, యాకయ్య యింటికడనే యుండెడివాడు. ఇప్పుడు అట్లు కుదరదు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేరుటకు, ఓటరు జాబితాకు, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే పుట్టుకకు ఆధారము. కనుక మొక్కు పేరును కూడ ఆ పత్రమునందే, క్రొత్త పేరు ప్రక్కన, యాకూబ్ అనియో యాకయ్య అనియో వ్రాయించుట మేలు. తొందరపడనక్కరలేదు. 1969 నాటి చట్టము ప్రకారము పుట్టుకను 21 దినములలో తెలుపవలెను గాని, పేరు లేకుండనే నమోదు చేయవచ్చును. పండ్రెండు నెలలలోపల పేరు చేర్చుటకు రుసుము లేదు. పిమ్మట పదునైదేండ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చును. అత్తాకోడండ్రు ఒక మాటమీదికి వచ్చుటకు ఏడాది గడువు చాలునని తలచెదము. పేరు వ్రాయించునాడు తెలుగులోను, ఆంగ్లములోను అక్షరము అక్షరము సరిచూచికొనుడు. యాకూబులో ఒక్క యక్షరము తప్పినను దానిని దిద్దించుటకు పట్టు తిరుగుడు అన్నారము ప్రయాణముకంటె చాల దూరము.