శ్రీహరికోటలో ఉన్న ఇంధనం మన బండిలో ఎందుకు లేదు?

"పెట్రోల్ పని అయిపోయింది, ఇక అన్నీ హైడ్రోజన్‌తోనే నడుస్తాయి" అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది కదా. ఎంత నిజమో చూడాలంటే జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు. మన సూళ్ళూరుపేట పక్కన శ్రీహరికోటలో ఈ ఇంధనాన్ని ఏళ్ళుగా వాడుతున్నారు.

2023 జూలై 14న చంద్రయాన్-3ని తీసుకెళ్ళిన ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో లిక్విడ్ హైడ్రోజన్, లిక్విడ్ ఆక్సిజన్ కలిపి సుమారు 28 టన్నులు పడతాయి. కిలోకి కిలో లెక్కేస్తే పెట్రోల్ కంటే హైడ్రోజన్‌లో శక్తి దాదాపు మూడు రెట్లు. రాకెట్‌కి బరువే శత్రువు కాబట్టి అంత మోజు. పైగా మండితే పొగ ఉండదు, నీటి ఆవిరే.

ఇప్పుడు కిలోలు వదిలేసి లీటర్లలో చూద్దాం. లీటర్ పెట్రోల్ ముప్పావు కిలో దాకా తూగుతుంది. లీటర్ లిక్విడ్ హైడ్రోజన్ ఎంతో తెలుసా? 71 గ్రాములే! అంటే లీటర్ పెట్రోల్‌లో ఉన్నంత శక్తికి దాదాపు నాలుగు లీటర్లు కావాలి. అదీ మైనస్ 253 డిగ్రీల్లో ఉంచితేనే. నెల్లూరు ఎండలో ఆఫీసు బయట పెట్టిన బండిలో అది ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి? పోనీ గ్యాస్‌గానే నింపుదామంటే కార్లకి 700 బార్ ప్రెజర్ కావాలి. మన టైర్లలో ఉండేది రెండు బార్ చిల్లర.

లీకుల సంగతి ఇంకో కథ. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 తెల్లవారుజామున లేచింది. మొదటి రెండు దశలూ బాగానే పనిచేశాయి. క్రయోజెనిక్ దశ మాత్రం అంటుకోలేదు, ఈఓఎస్-03 ఉపగ్రహం పోయింది. విచారణలో తేలిందేంటంటే, హైడ్రోజన్ ట్యాంకులో ఒక వాల్వ్ లీకై ప్రెజర్ పడిపోయింది. ఇస్రో అంత జాగ్రత్తగా చూసుకునే చోటే అలా అయితే, ఊరి బంకులో సంగతి ఆలోచించండి.

అసలు మెలిక వేరే ఉంది. హైడ్రోజన్ బావి తవ్వితే ఊరే చమురు లాంటిది కాదు. ఇప్పుడు వాడుతున్నదాంట్లో ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గు నుంచి తీసిందే. నీటి నుంచి తీస్తే కిలోకి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, తిరిగొచ్చే శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్‌లో వేసి మళ్ళీ కరెంటు చేస్తే అందులోనూ సగం దాకా పోతుంది. అదే కరెంటుతో స్కూటర్ బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటే పోలా? ఇక "నీళ్ళు పోస్తే బైక్ నడుస్తుంది" అనే వీడియోలు... వాటి జోలికి నేను పోను.

అలాగని హైడ్రోజన్ దండగ అనను. 2024 జనవరి 1న పీఎస్ఎల్‌వీ-సీ58తో పంపిన చిన్న ఫ్యూయల్ సెల్ అంతరిక్షంలో 180 వాట్ల కరెంటు ఇచ్చింది. నేల మీద అయితే దీని అసలు చోటు ఎరువుల ఫ్యాక్టరీలు, రిఫైనరీలు. అక్కడ ఇప్పటికే టన్నులకొద్దీ వాడుతున్నారు. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన జరిగింది. అది అనుకున్నట్టు నడిస్తే, మన బండి ట్యాంకు కంటే ముందు ఎరువుల బస్తా మారుతుంది.