తలుపులు తెరచిన మిల్లు పట్టణము
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



మన గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల పండుగనాడు ఒక విదేశీ పట్టణమును గూర్చి ముచ్చటింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఉన్న వృత్తి పోయిన ఊరు మరల ఎట్లు నిలువగలదను ప్రశ్న ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. మగ్గము ఆడక, సేద్యము గిట్టక, చదివిన బిడ్డలు నగరముల దారి పట్టుచున్న మన పల్లెలకును ఈ ప్రశ్న ఎదురుపడినది. అందుచే ఇంగ్లండు ఉత్తరభాగమున, యార్క్‌షైరు కొండల నడుమనున్న హెబ్డెన్ బ్రిడ్జి కథను మీ ముందుంచుచున్నాను. అందలి జనసంఖ్య సుమారు 4,500. మన పెద్ద గ్రామమంత.

ఏటిపై కట్టిన వంతెనను బట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చినది. మొదట నేత యంతయు కొండమీది హెప్టన్‌స్టాల్ గ్రామమున, ఇంటింట చేతిమగ్గములపై సాగెడిది. తరువాత ఏటినీటితోను, ఆవిరితోను నడచు మిల్లులు లోయలో వెలసెను. 1804లో రాచ్‌డేల్ కాలువ పూర్తియైనది. 1840ల నాటికి రైలు వచ్చినది. మాంచెస్టరు బట్ట మన సాలెవాని మగ్గమును మూలబెట్టినదని మన పెద్దలు చెప్పుకొనిరి. ఆ మరమగ్గమే అచ్చటి కొండమీది చేతిమగ్గమును గూడ మూలబెట్టినదని మనము మరువరాదు.

ఫస్టియన్ అను దళసరి నూలుగుడ్డయు, దానితో కుట్టిన లాగులును ఆ పట్టణమునకు కీర్తి తెచ్చెను. దానిని 'లాగుల పట్టణ' మనియే పిలిచెడివారు. చోటు చాలక ఏటవాలు కొండపై ఇంటిమీద ఇల్లు కట్టిరి. క్రింది ఇంటి వాకిలి దిగువ వీధిలోనికి, పై ఇంటి వాకిలి వెనుకనున్న ఎగువ వీధిలోనికి తెరచుకొనును. 1870లో జోసెఫ్ గ్రీన్‌వుడ్ అను ఫస్టియన్ కార్మికుడు తన తోడివారితో కలసి ఒక సహకార సంఘమును స్థాపించెను. ఆ సంఘము నట్‌క్లఫ్ మిల్లును 1918 వరకు నడపినది. పనివారే వాటాదారులైన మిల్లు అది!

కాలము మారెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బట్టల పరిశ్రమ క్షీణించి, 1960ల నాటికి మిల్లులు ఒకటొకటిగా మూతపడెను. యువకులు వెడలిపోయిరి. ఇండ్లు పాడుపడెను, కొన్ని వరుసలను కూల్చివేసిరి. కాలువపై రాకపోకలు అంతకుముందే, 1952లో, చాలవరకు ఆగిపోయినవి.

అట్టి ఊరికి క్రొత్తవా రెట్లు వచ్చిరి? 1970లలో రచయితలు, చిత్రకారులు, గాయకులు, ఉపాధ్యాయులు ఒకరి వెంట ఒకరు వచ్చి చేరిరి. ఇండ్లు చవుక, కొండలు, అడవి చెంతనే, రైలు ఎక్కినచో ఒకవంక మాంచెస్టరు, మరియొకవంక లీడ్స్ గంటలోపున చేరవచ్చును. అయితే చవుకతనము ఒక్కటే వారిని నిలిపియుండదు. స్థానికులు పాతకట్టడములను కూలద్రోయుట మాని, బాగుచేసి క్రొత్త పనులకు వినియోగించిరి. లాగుల గుడ్డ తయారైన నట్‌క్లఫ్ మిల్లులోనే పిమ్మట రేడియో, టెలివిజన్ కేంద్రములకు శబ్దయంత్రములు తయారుచేయు సంస్థ నెలకొన్నది. కాలువ 2002లో ఆసాంతము పడవలకు మరల తెరువబడినది. 1921 నాటి సినిమాహాలును 2012లో పట్టణ సభయే స్వీకరించినది. ఊరిని గూర్చి వారు చేసిన ప్రచారములో ఇంతకు మించిన ప్రకటన లేదు.

ఇక రెండవ వైపును జూడవలెను. ఊరికి పేరు వచ్చినకొలది ఇండ్ల ధర పెరిగినది. మిల్లులో పనిచేసినవారి మనుమలకే అచ్చట ఇల్లు కొనుట భారమైనది. ఆ లోయకు వరదభయము గూడ కలదు. 2012లోను, 2015 డిసెంబరు 26నను, 2020 ఫిబ్రవరిలోను నీరు వీధులను ముంచెను. 2015లో పండుగ మరునాడు దుకాణములు మునిగినపుడు, ఎరిగినవారును ఎరుగనివారును పారలు, చీపుళ్లు పట్టి బురద నెత్తిపోసిరి. మరుసటి ఏడు, 2016లో, బ్రిటనులోని చిన్న సంతపట్టణముల పోటీలో ఆ ఊరికే ప్రథమస్థానము లభించినది.

ఇందు మనము గ్రహింపదగినది రెండు మాటలు. పిలుచువాడు తన ఊరి సొగసుతోబాటు వరదను గూడ చెప్పవలెను. దాచి పిలిచిన చుట్టము మొదటి వానకే మూట కట్టును. మరియు, వచ్చువారికి చోటిచ్చుటలో ఉన్నవారి చోటు పోకుండ కాచుకొనవలెను. మొదటిదానిని మరచిన ఊరు నవ్వులపాలగును. రెండవదానిని మరచిన ఊరు, పేరు నిలిచియు, తనది కాకుండపోవును.

సోదరులారా! మన ఊరి పాడుబడిన ఇండ్లెన్ని, పనిలేక మూలబడిన మగ్గములెన్ని, ఏ చేతికి ఏ పని వచ్చును, ఏ చెరువు ఏ వానకు పొంగును - ఈ సంగతులు వ్రాసియుంచు పుస్తకమొకటి ఈ గ్రంథాలయములో నేడే ప్రారంభింపుడని నా మనవి. ఊరిని గూర్చి ఊరివారే నిజము వ్రాసికొన్న పుస్తకమునకు మించిన ఆహ్వానపత్రము లేదు. దూరమున నున్న మన బిడ్డలే దానిని మొదట చదువుదురు గాక! స్వర్ణోత్సవము నాటికి వారిలో కొందరైనను ఈ సభలో కూర్చుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.