ఊపిరితిత్తుల రాచపుండు: కణవిభజనకు కళ్ళెము

వరిచేలో ఊద మొలచినపుడు, లేతదశలో దానికిని వరికిని భేదము గుర్తించుట కష్టము. తొందరపడి చేయి వేసినచో ఊదతో వరియు ఊడివచ్చును. ఊపిరితిత్తుల రాచపుండునకు మందు వెదకు శాస్త్రజ్ఞుల చిక్కు ఇట్టిదే.

జీవకణము ఒకటి రెండగుట మిక్కిలి క్రమబద్ధమైన వ్యవహారము. మొదట కణము తన క్రోమోజోములకు నకలు తీసికొనును. వాని చిక్కులు విడదీసికొనును. పిదప సమముగా పంచి తాను రెండగును. ప్రతి మెట్టునకును తగిన ఎంజైములు కావలెను. ఏ మెట్టు ఎప్పుడెక్కవలెనో శాసించు ఎంజైములు కొన్ని కలవు. అవి సైక్లిన్ అను ప్రొటీనుతో జతకూడిననే పనిచేయును. ఈస్టు కణములలోను, సముద్రజీవుల గ్రుడ్లలోను ఈ రహస్యమును కనుగొన్న హార్ట్‌వెల్, నర్స్, హంట్ అను మువ్వురకు 2001లో నోబెల్ బహుమతి లభించినది.

రాచపుండు కణము అదుపు లేక విభజించుకొనుచుండును. మరి ఆ ఎంజైముల నరికట్టిన వ్యాధి లొంగదా? ఎటోపోసైడ్ అను మందు చేయు పని ఇట్టిదే. క్రోమోజోముల చిక్కు విడదీయు ఎంజైమును అది పని మధ్యలో బంధించును. పోగులు తెగి కణము నశించును. ఊపిరితిత్తుల రాచపుండు వచ్చినవారిలో నూటికి సుమారు 15 మందికి వచ్చునది "చిన్నకణముల" జాతి. అది త్వరగా వ్యాపించును. దానికి ఈ మందును ప్లాటినముతో చేసిన మరియొక మందుతో కలిపి ఇత్తురు.

కాని మన ఎముకలలోని మూలుగయు రేయింబవళ్ళు కణవిభజన చేయుచు రక్తమును సిద్ధపరచుచుండును. మందు దానినిగూడ దెబ్బతీయును. తెల్లకణములు తరిగినచో అంటురోగములు సోకును. ఎర్రకణములు తరిగినచో నీరసము కలుగును. ఒక్కొక్కప్పుడు చికిత్సనే వాయిదా వేయవలసివచ్చును.

ఇచ్చట శాస్త్రజ్ఞులొక యుక్తి పన్నిరి. ఆరోగ్యముగల కణములో ఆర్‌బి అను ప్రొటీను ద్వారపాలకుని వలె నిలిచి విభజనను ఆపుచుండును. సి.డి.కె. 4, 6 అను ఎంజైములు ఆ కావలివానిని తప్పించిననే కణము ముందుకు సాగును. ట్రైలాసిక్లిబ్ అను మందు ఈ రెండు ఎంజైములను కొంతసేపు స్తంభింపజేయును. అప్పుడు మూలుగ కణములు నిద్రించును. చిన్నకణముల రాచపుండులోనో, దాదాపు అన్ని సందర్భములలోను ఆ కావలివాడు ముందే నశించియుండును. కావలియే లేని ఇంటికి ఈ మందుతో పనిలేదు. ఆ కణములు విభజించుకొనుచునే యుండి ఎటోపోసైడ్ వాతబడును. ఎటోపోసైడ్‌కు ముందుగా నరములోని కెక్కించు ఈ మందును అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ 2021 ఫిబ్రవరిలో అంగీకరించినది.

ఇది వ్యాధిని కుదుర్చు మందు కాదు. చికిత్సాకాలమున మూలుగను కాపాడు మందు మాత్రమే. అయినను ఇందొక పాఠము గలదు. శత్రువును కొట్టు బలము ఎంత ముఖ్యమో, మనవారిని గుర్తించు నేర్పు అంత ముఖ్యము.

ఈ జాతి రాచపుండు వచ్చినవారిలో మిక్కిలి పెక్కుమంది పొగత్రాగినవారే. కావలివానిని కోల్పోయిన కణమునకు అతనిని తిరిగి తెచ్చి ఇచ్చు మందు నేటికిని లేదు. కోల్పోకుండ కాచుకొనుట మాత్రము చాలవరకు మన చేతిలోనే యున్నది. చుట్టయు, బీడీయు, సిగరెట్టును మానుట అందుకు మొదటి మెట్టు. దగ్గు మూడు వారములకు తగ్గకున్నను, కఫములో నెత్తురు కనబడినను, తాత్సారము చేయక వైద్యునికి చూపుకొనుట రెండవది.