పాత గోడ, కొత్త రేకుల కప్పు: అతుకు నాణ్యతను గుర్తించే తీరు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పాత ఇంటి గోడకు ఆనించి కొత్త గదికో వరండాకో రేకుల కప్పు వేసినప్పుడు, వానకాలంలో నీరు తరచుగా లోపలికి దిగేది గోడా కప్పూ కలిసే అతుకు నుంచే. ఆ అతుకును మూస్తూ గోడపైకి కొంత, కప్పుమీదికి కొంత వచ్చేలా వంచి అమర్చే లోహపు పట్టీని ఫ్లాషింగ్ అంటారు. బ్రిటన్‌లో దీనికి తరతరాలుగా సీసపు రేకును వాడుతుండగా, ఇక్కడ జింకు పూత ఉన్న ఇనుప రేకును బిగించడమో, కేవలం సిమెంటుతో పూడ్చడమో జరుగుతుంది.

రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరడం వల్ల, లోహపు కప్పు పగలు వ్యాకోచించి రాత్రి కుంచించుకుపోతుంది గనుక, వంగే గుణం లేని సిమెంటు పూడిక క్రమంగా పగుళ్లు బారుతుంది. సీసం ఇనుము కంటే రెండింతలకు పైగా వ్యాకోచిస్తుంది కాబట్టే, బ్రిటన్ పద్ధతిలో ఒక్కో ముక్క పొడవును 1.5 మీటర్లకు మించనివ్వరు.

మంచి పట్టీ గోడపైకి కనీసం 150 మిల్లీమీటర్లు లేచి, దాని పై అంచు గోడలో కోసిన గాడిలోకి సుమారు 25 మిల్లీమీటర్లు చొచ్చుకుపోయి, ముక్కలు ఒకదానిపై ఒకటి కనీసం 100 మిల్లీమీటర్లు ఎక్కి ఉండాలి. గాడి తీయకుండా పై అంచును మేకులతో మాత్రమే బిగిస్తే, గోడ వెంట జారే నీరు పట్టీ వెనుకకే చేరుతుంది. సీసం విషపదార్థం కనుక, దాని మీదుగా పారిన వాన నీటిని తాగడానికి పట్టుకోరాదు. తొలకరికి ముందే అతుకు పైన గోడమీద బిందెడు నీళ్లు నెమ్మదిగా పోసి లోపలివైపు తడి కనిపిస్తుందేమో చూడడం, ఏ ఇంటివారైనా స్వయంగా చేయదగిన, ఇంటిని కాపాడే పరీక్ష.